పడవకు రోడ్డు గండం

పుణె నుంచి హుస్సేన్‌సాగర్ పోటీలకు తెరచాప పడవ రావాలంటే 65వ నంబరు జాతీయ రహదారే దారి. జహీరాబాద్ దాటి, సంగారెడ్డి పక్కనుంచి, పటాన్‌చెరు లారీల మధ్యలో ఈదుకుంటూ నగరం చేరాలి. నీళ్లు చేయని హాని ఈ దారిలో ఎగిరే కంకరరాళ్లు, స్పీడ్‌బ్రేకర్లు చేస్తాయి.

మన పుట్టికి ఈ బాధ లేదు. వెదురు బద్దల అల్లిక, దానికి ఒకప్పుడు తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా. కృష్ణా, తుంగభద్రల ఒడ్డున దాన్ని నెత్తిన బోర్లించుకుని నడిచిపోయేవారు. కోస్తా తెప్ప సంగతి మరీ సులువు. కట్లు విప్పితే ఉత్త దుంగలే, విడిగా ఆరేసుకోవచ్చు.

పడవ బండెక్కాకే చిక్కులు మొదలయ్యాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో కార్లతోపాటు పడవ ట్రెయిలర్లూ పెరిగాయి. కర్రపడవకు అడుగున పొడవునా గట్టి దూలం ఉంటుంది కనుక, ట్రెయిలర్ మధ్యలో వరసగా రబ్బరు రోలర్లు పెడితే బరువంతా ఆ దూలమే మోసేది. ఫైబర్‌గ్లాస్ పడవలు వచ్చి ఆ లెక్క మార్చాయి. వాటిలో తేలికరకాల అడుగు పలచన. రోలరు తగిలిన చోటల్లా బరువు ఒకే బిందువు మీద పడి సొట్ట పోతుంది, లేదా పై పూత నెర్రెలిస్తుంది. అందుకే రోలర్ల స్థానంలో కార్పెట్ చుట్టిన పొడవాటి చెక్కలు వచ్చాయి. నా మటుకు ఈ కార్పెట్‌కు ఉన్న పేరు కాస్త ఎక్కువే. తడి పట్టి ఉంచుతుంది, ఇసుక ఇరుక్కుంటే గరుకు కాగితంలా పడవను అరగదీస్తుంది.

1969లో కెనడాలో ఇయాన్ బ్రూస్ కారు మీద పెట్టుకుపోగల చిన్న పడవ కావాలని అడిగితే బ్రూస్ కిర్బీ ఒకటి గీసిచ్చాడు. 1971 న్యూయార్క్ పడవల ప్రదర్శనలో లేజర్ పేరుతో జనం ముందుకొచ్చింది. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 60 కిలోల లోపే. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలపు సెయిలింగ్ వీక్‌లో బారులు తీరేవి ఎక్కువగా ఇవే. తేలిక కోసం దీని అడుగు అంత పలచన చేశారు గనుక, ఎండలో సన్నటి చెక్కల మీద వదిలేస్తే ఆ చెక్కల అచ్చే పడవకు దిగుతుంది. బరువు అడుగున కాకుండా పైఅంచుల మీద పడేలా ఆనించడం దీనికి విరుగుడు.

రాళ్లు తగలకుండా లోపల మెత్తటి గుడ్డ కుట్టిన అడుగు కవరు తొడుగుతారు. అది వదులైతే గాలికి రెపరెపలాడి అదే పడవను రాపిడి పెడుతుంది. కట్టే బెల్టుకు అంచుల దగ్గర మెత్త వేసి, మధ్యలో ఒక మెలిక పెడితే వేగంలో మోత పెట్టదు. కొంతదూరం పోయాక మెత్తలు అణిగి బెల్టు వదులవుతుంది. మొదటి టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు టీ కంటే ముందు దాన్ని బిగించుకోవాలి.