మైక్రోవేవ్ ఓవెన్ కంట్రోల్ ప్యానెల్: లోపాలు, పరీక్షలు, జాగ్రత్తలు

మైక్రోవేవ్ ఓవెన్ ముందుభాగంలో మీటలు, అంకెలు చూపే తెర ఉన్న పలకను కంట్రోల్ ప్యానెల్ అంటారు. వంట సమయాన్నీ, వేడి స్థాయినీ ఓవెన్‌కు తెలిపేది ఇదే. ఇది మొరాయిస్తే ఓవెన్ మొత్తం పాడైనట్టు తోస్తుంది. అయితే లోపం ప్రతిసారీ ప్యానెల్‌లోనే ఉండదు; కరెంటులోనో, తలుపులోనో ఉండవచ్చు. ఈ సంగతిని ఇంటివారే పైమూత విప్పకుండా పరీక్షించుకోవచ్చు. మూత విప్పే పని మాత్రం శిక్షణ పొందిన మెకానిక్‌దే.

నిర్మాణం

మీటల పలక పలుచని ప్లాస్టిక్ పొరలతో తయారవుతుంది. పొరల నడుమ విద్యుత్తు ప్రవహించే సన్నని గీతలుంటాయి. మీటను నొక్కినపుడు ఆ గీతలు ఒకదానినొకటి తాకుతాయి. ఆ సంకేతం రిబ్బను వంటి చదునైన తీగ గుండా వెనుకనున్న సర్క్యూట్ బోర్డుకు చేరుతుంది. మీటలు అడ్డు, నిలువు వరుసలుగా కలిపి ఉంటాయి గనుక, ఏ మీటలు పనిచేయడం లేదో గమనిస్తే లోపం ఎక్కడిదో కొంతవరకు తెలుస్తుంది.

మొదట చూడవలసినవి

1. కరెంటు: తెర వెలగకపోతే అదే సాకెట్టులో మరొక ఉపకరణాన్ని పెట్టి చూడాలి. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. వోల్టేజి బాగా పడిపోయినపుడు తెర మినుకుమినుకుమంటుంది. గడియారం మళ్లీ సున్నాకు వస్తుంది. 800 వాట్ల వంటశక్తి గల ఓవెన్ సుమారు 1,200 వాట్ల కరెంటు తీసుకుంటుంది. కనుక ఎర్తింగు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు అవసరం. చిన్న ఇన్వర్టరు మీద దీనిని నడపరాదు.

2. చైల్డ్ లాక్: తెరపై తాళం గుర్తు కనిపిస్తే మీటలు పనిచేయవు. చాలా మోడళ్లలో స్టాప్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే తాళం తొలగుతుంది.

3. తలుపు: అంకెల మీటలు పనిచేసి స్టార్ట్ ఒక్కటే పనిచేయకపోతే తలుపును చూడాలి. అది పూర్తిగా మూసుకోనిదే ఓవెన్ నడవకుండా లోపల స్విచ్చులుంటాయి. గొళ్లెం వద్ద అన్నం మెతుకు, జిడ్డు ఉంటే తుడవాలి. తలుపు వంగిన, పగిలిన ఓవెన్‌ను వాడరాదు.

4. తేమ: పొయ్యి ఆవిరి, తడిగుడ్డ నీరు పొరల్లోకి దిగితే మీటలు తడబడతాయి. ప్లగ్గు తీసి, పొడిగుడ్డతో తుడిచి, ఒక రాత్రి ఆరనివ్వాలి.

5. పునఃప్రారంభం: ప్లగ్గు తీసి పది నిమిషాల తరువాత మళ్లీ పెట్టాలి. కరెంటు పోయి వచ్చినపుడు తికమకపడిన బోర్డు దీనితో సర్దుకోవచ్చు.

లక్షణాలు, కారణాలు

ఒకే మీట పనిచేయకపోతే అక్కడి పొర అరిగిందని భావించవచ్చు. ఒక వరుస మొత్తం పనిచేయకపోతే రిబ్బను తీగను అనుమానించాలి. ఎవరూ తాకకుండానే ఓవెన్ మోగినా, నడిచినా మీట లోపల అతుక్కుపోయి ఉండవచ్చు. వెంటనే ప్లగ్గు తీయాలి. ఖాళీగా నడిచిన ఓవెన్‌లో మాగ్నెట్రాన్ దెబ్బతింటుంది. తెరపై అంకెలు విరిగి కనిపిస్తే తెరదో బోర్డుదో లోపం. వెచ్చదనం కోసం చేరే బొద్దింకలు కూడా బోర్డును పాడుచేస్తాయి. దీపం వెలిగి, పళ్లెం తిరిగి, ఆహారం మాత్రం వేడెక్కకపోతే సాధారణంగా లోపం మీటల పలకది కాదు. తెరపై అక్షరంతో కూడిన అంకె వస్తే దాని అర్థం సంస్థను బట్టి మారుతుంది. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో చూడాలి.

మూత ఎందుకు విప్పరాదు?

ఓవెన్ లోపలి కెపాసిటర్ 2,000 వోల్టుల స్థాయిలో పనిచేస్తుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు. దానిని తాకితే ప్రాణం పోవచ్చు. రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే నేర్పు ఇక్కడ చాలదు. ప్యానెల్‌ను మార్చుకోవచ్చు, ప్రాణాన్ని మార్చుకోలేము.

మరమ్మతు, బిల్లు

మెకానిక్‌ను పిలిచేముందు ఓవెన్ వెనుక అంటించిన మోడల్ సంఖ్యను, పనిచేయని మీటల పేర్లను కాగితంపై రాసుకోవాలి. గ్యారంటీ గడువు ఉంటే సంస్థ సేవాకేంద్రానికే తెలపాలి. పాత ఓవెన్‌కు బోర్డు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనడమే మేలు.

సరిహద్దు ఊళ్లవారు పొరుగు రాష్ట్రపు పట్టణంలో వస్తువులు కొనడం పరిపాటి. న్యాయం కోసం మళ్లీ అక్కడికే తిరగనవసరం లేదు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనూ సలహా పొందవచ్చు. అందుకు ఆధారం బిల్లే గనుక దానిని భద్రపరచాలి.