దక్కని గొర్రె

దక్కని గొర్రె దక్కను పీఠభూమికి చెందిన ఉన్ని గొర్రె జాతి. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ రాష్ట్రాలలోని మెట్ట ప్రాంతాలు దీని స్వస్థలం. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం కూడా ఈ పరిధిలోనిదే. తెలంగాణలో దీనిని నల్ల గొర్రె అని కూడా అంటారు. కురుమల కులవృత్తికి, గొంగడి నేతకు ఈ జాతియే ఆధారం. నెల్లూరు జాతితో సంకరం కావడం వలన తెలంగాణలో మేలైన దక్కని మందలు అరుదైనవి.

లక్షణాలు

ఇది మధ్యస్థ పరిమాణం గల గొర్రె. రంగు ఎక్కువగా నలుపు. నలుపు తెలుపు కలిసినవి కూడా ఉంటాయి. ముక్కు దూలం వంపు తిరిగి, చెవులు వ్రేలాడుతూ ఉంటాయి. పొట్టేళ్ళకు కొమ్ములుంటాయి, ఆడ గొర్రెలకు సాధారణంగా ఉండవు. ఎండకు, మేత కరువుకు తట్టుకొని రోజంతా నడవగలదు. ఏటా ఒక గొర్రె నుండి వచ్చే ఉన్ని కిలో లోపే, అదీ బిరుసైనది. మెత్తని దుస్తులకు పనికిరాని ఆ బిరుసుదనమే గొంగడికి బలం.

కురుమలు - గొంగడి

కురుమల కులదైవం బీరప్ప. బీరప్ప కథను ఒగ్గు కథకులు రాత్రుల తరబడి గానం చేస్తారు. గొర్రెలు పుట్ట నుండి వెలువడినవని వీరి పురాణగాథ. ఈ కులంలో ఉన్ని కంకణం, పత్తి కంకణం అను రెండు శాఖలున్నాయి. పెండ్లిలో చేతికి ఉన్ని దారం కట్టుకొనేవారు మొదటి శాఖవారు, నూలు దారం కట్టుకొనేవారు రెండవ శాఖవారు. ఒక కులపు శాఖల పేర్లలోకే ఉన్ని చేరినదంటే, దానిని కేవలం సరుకుగా భావించలేము.

కత్తిరించిన ఉన్నిని రంగుల వారీగా వేరుచేసి, ఏకి, రాట్నంపై వడుకుతారు. వడకడం ఎక్కువగా స్త్రీల పని. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గంపై నేస్తారు. నల్లని గొంగడికి రంగు అద్దవలసిన పని లేదు. కాపరికి అదే పడక, అదే దుప్పటి. వానలో తలపై నుండి కప్పుకొంటే గొడుగు. పొలాలలో మందను ఆపించినందుకు రైతులు కాపరులకు ధాన్యం ఇచ్చేవారు. గొర్రెల ఎరువు ఆ పొలాలకు బలం.

క్షీణత

ముతక ఉన్నికి గిరాకీ తగ్గడంతో కత్తిరింపు కూలి కూడా గిట్టని స్థితి వచ్చినది. మిల్లు దుప్పట్లు గొంగడి స్థానాన్ని ఆక్రమించినవి. కాపరులు మాంసం కొరకు ఎత్తైన నెల్లూరు పొట్టేళ్ళను మందలో కలిపారు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకలే ఉంటాయి. అందుచేత సంకర పిల్లల బొచ్చు వడకడానికి అనువుగా ఉండదు. కొన్ని తరాలు గడిచిన తరువాత మంద మిగిలినా గొంగడి మిగలదు.

నగరానికి దగ్గరగా ఉన్న మేడ్చల్, శామీర్‌పేటలలో దీనికి మేత సమస్య తోడైనది. 1999లో ప్రారంభమైన జీనోమ్ వ్యాలీ, ఆ తరువాత వచ్చిన 158 కి.మీ. బాహ్య వలయ రహదారి, వాటి వెంట వెలసిన లేఅవుట్లు బీడు భూములను తగ్గించివేశాయి. నగరం మాంసానికి గిరాకీ తెచ్చినది, ఉన్నికి తేలేదు.

2017 జూన్ 20న తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకాన్ని ప్రారంభించినది. 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలును ఒక యూనిట్‌గా గొల్ల కురుమలకు ఇచ్చారు. జీవాలను పొరుగు రాష్ట్రాల నుండి కొని తెచ్చారు. పథకం లక్ష్యం మాంసం ఉత్పత్తియే. నల్ల గొర్రెను నిలుపుకొనే ప్రయత్నం అందులో లేదు. దక్కని జాతి పరిరక్షణకై కాపరులతో కలిసి పనిచేసిన సంస్థలలో పశువైద్యులు స్థాపించిన ఆంత్ర ఒకటి.

పోలిక

అమెరికాలో నవాహో ప్రజలు పెంచే చుర్రో గొర్రె కూడా ముతక ఉన్ని జాతియే. వారి దుప్పట్ల నేతకు అది మూలం. భూమి కోతకు గురవుతున్నదను కారణంతో 1930లలో అక్కడి ప్రభుత్వం మందలను బలవంతంగా తగ్గించినది. 1977లో లైల్ మెక్‌నీల్ మిగిలిన గొర్రెలను వెదకి చేర్చి జాతిని తిరిగి పెంచడం మొదలుపెట్టారు. దక్కని గొర్రెను తగ్గించమని ఇక్కడ ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆ పని ధరలే చేశాయి.