రక్షకభటులు - ప్రజల నమ్మకము



పల్లెలో దొంగతనము జరిగినప్పుడు సొమ్ము పోయినవాడు మొదట వచ్చునది మీవంటి పెద్దల యొద్దకే. స్టేషనునకు పోవుటయా, మానుటయా యని మిమ్మడుగును. పోయినచో సొమ్ము దొరకుట సందేహమే గాని తిరుగుడును ఖర్చును తప్పవని యతని భయము. రక్షించుటకై నిలిపిన వానిని చూచి రక్షణ కోరువాడే జంకుట వింత గాదా? ఈ జంకు నిన్న మొన్న పుట్టినది కాదు. దాని వేళ్లు మన పాత మద్రాసు రాజధాని చరిత్రమందే కలవు. ఆ చరిత్రమును నాకు తెలిసినంతవరకు మీకు విన్నవింప నెంచితిని.

కుంఫిణీవారి పరిపాలన స్థిరపడకపూర్వము మన గ్రామములను కాచినవారు తలారులును, కావలివారును. వారికి కళ్లమున ధాన్యము కొలుచునప్పుడు మేర దక్కుచుండెను. పోయిన సొత్తు జాడ తీయలేకున్నచో దాని విలువను కావలివాడే చెల్లించుకొనవలె ననునది దక్షిణదేశమున పెక్కుచోట్ల ఆచారము. అది సత్యయుగమని నేననను. పాలెగాండ్రు కావలిరుసుము పేరిట పల్లెలను పీడించిరి. రుసుమీయని యూర తామే దొంగతనములు చేయించిన కావలివారును ఉండిరి. అయినను ఆ కట్టుబాటునందు మంచి సూత్రమొకటి కలదు: ఎవరిని కాచుచుండెనో వారికే కావలివాడు జవాబుదారి.

కుంఫిణీవారు పాలెగాండ్ర కావలిహక్కులను తీసివేసి, 1802వ సంవత్సరమున దారోగాలను నియమించిరి. ఆ యేర్పాటు కుదురలేదు. పిమ్మట 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను ననుసరించి జిల్లాకు కలెక్టరే మేజిస్ట్రేటును, తాలూకాకు తాసిల్దారే పోలీసు అధికారియు నైరి. గ్రామపెద్దయు తలారియు వారి క్రింద పనిచేయువారైరి. శిస్తు వసూలు చేయు చేతికే దొంగను పట్టు బెత్తమును ఇచ్చిరన్నమాట. దొంగ దొరకకున్నను దొరతనమువారు సహింతురేమో గాని జమాబందినాటికి శిస్తు తగ్గినచో సహింపరు. తలారి ఊరికి జవాబు చెప్పుట మాని కచేరికి జవాబు చెప్పుట నేర్చెను.

ఇందువలన కలిగిన కీడు నలువది సంవత్సరములలో బయటపడెను. 1854వ సంవత్సరమున ఇంగ్లండు పార్లమెంటులో మద్రాసు రాజధానియందలి చిత్రహింసలనుగూర్చి చర్చ జరుగగా, ఇక్కడి ప్రభుత్వము విచారణసంఘము నొకదానిని నియమించెను. బారిస్టరు జాన్ బ్రూస్ నార్టను అందొక సభ్యుడు. ఆ సంఘమునకు వేయికి మించిన ఫిర్యాదులు వచ్చెను. మనుష్యుని వంచి, మెడను కాళ్లకు త్రాటితో బిగించి యెండలో నిలుపుట, కిట్టి యను కొయ్యల నడుమ చేతులను నొక్కుట, నీరు త్రాగనీయకుండుట మొదలగు హింసలు వారి నివేదికయందు కలవు. శిస్తు బకాయికిని, నేరము నొప్పించుటకును ఇవే సాధనములు. బాధితుడు పై యధికారితో చెప్పుకొన వలెనన్న ఎన్నో ఆమడలు నడువవలెను. నడిచి పోయినను నేరము చేసిన చిన్న యుద్యోగికి పడు శిక్ష స్వల్పము. ఈ సంగతులను 1855వ సంవత్సరమున సంఘమువారే ఒప్పుకొనిరి.

ఆ నివేదిక ఫలముగా 1859వ సంవత్సరపు 24వ చట్టము పుట్టెను. శిస్తు పనినుండి పోలీసు పనిని వేరుచేసి, మద్రాసు రాజధానికి ప్రత్యేక రక్షకభటవర్గము నేర్పరచిరి. 1861వ సంవత్సరమున దేశమునందలి తక్కిన ప్రాంతములకై 5వ చట్టము వచ్చెను. అయితే వీరు మాదిరిగా గ్రహించినది ఐర్లండునందలి సాయుధదళమును. అది పాలితులను అణచి యుంచుటకై పాలకులు నిలిపిన దళము. ఇంటికి కాపుగా పెట్టవలసిన కుక్కను ఇంటివారిమీదనే ఉసికొల్పినట్లాయెను.

మరియొక విశేషము వినుడు. పోలీసు అధికారి యెదుట ముద్దాయి చేసిన నేరాంగీకారమును అతనికి విరుద్ధముగా ఋజువు చేయరాదని 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము 25వ సెక్షను విధించినది. అనగా శాసనమే తన భటుని మాటను నమ్మలేకపోయినది. ఆ చట్టము స్థానమున 2024వ సంవత్సరము జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టమునందును ఆ నియమము నిలిచియే యున్నది. 1902-03 సంవత్సరములలో సర్ ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతను విచారించిన కమిషనుకూడ పోలీసువర్గము లంచమునకును పీడనకును పేరుపడినదనియు, ప్రజల విశ్వాసమును పొందలేకపోయినదనియు స్పష్టముగా వ్రాసినది. ఆంగ్లేయులు నియమించిన కమిషనే ఇట్లు వ్రాసెనని జ్ఞాపక ముంచుకొనుడు.

నమ్మకమునకు మరియొక శత్రువు కలదు. అది పక్షపాతము. 1871వ సంవత్సరమున నేరస్థజాతుల చట్టము వచ్చినది. దానిని బలపరచిన 1911వ సంవత్సరపు చట్టము మన రాజధానికిని వర్తించెను. ఎరుకలవారు పూర్వము గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పును ధాన్యమును మోసి ఊరూర అమ్ముకొని బ్రతికిన వర్తకులు. ఉప్పు చట్టములును రైళ్లును వారి వ్యాపారమును చెరచినవి. పిమ్మట జాతి జాతినే నేరస్థులని పట్టీలో వ్రాసి, వ్రేలిముద్రలు తీసి, హాజరు పలికించిరి. బాపట్ల ప్రాంతమునందలి స్టూవర్టుపురము అట్టి వారికై యేర్పడిన సెటిల్‌మెంటే. పుట్టిన బిడ్డ యే పాపము నెరుగకముందే అనుమానమునకు పాత్రమాయెను. స్వాతంత్ర్యానంతరము 1952వ సంవత్సరమున ఆ చట్టము దేశమంతటను రద్దయ్యెను. కాని కాగితముమీద రద్దయినది కన్నులలోనుండి రద్దు కాలేదు.

ఈ మాట నేనేల అనుచున్నానో చెప్పెదను. నా చిన్నతనమున మా ఇంట వెండిచెంబు కానరాకపోయెను. మావారి చూపు వెంటనే ఊరిచివరి గుడిసెలమీద పడెను. బుట్టలల్లుకొను నొక యెరుకలవానిని తలారి ఠాణాకు తీసికొనిపోయెను. మూడవనాడతడు కుంటుచు తిరిగివచ్చెను. వేసవిలో బావి పూడిక తీయించినప్పుడు ఆ చెంబు బురదలో దొరకినది. మా పెద్దలలో నొక్కరును అతని గుడిసెకు పోయి తప్పయినదని చెప్పలేదు. చెంబును తోమి మరల పూజకు వాడుకొంటిమి. కొట్టినవాడు భటుడే గాని, వ్రేలు చూపినవారము మేము.

ఇటీవలి చరిత్ర మందును సంస్కరణప్రయత్నములు లేకపోలేదు. 1977వ సంవత్సరమున నియమింపబడిన జాతీయ పోలీసు కమిషను 1981 వరకు పెక్కు నివేదికల నిచ్చెను. 2006వ సంవత్సరమున ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమందు సుప్రీంకోర్టువారు, ముఖ్యాధికారులకు నిర్ణీత కాలావధి యుండవలెననియు, నేరవిచారణను శాంతిభద్రతల పనినుండి వేరుచేయవలెననియు, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునను జిల్లాలోను ప్రత్యేకసంస్థలు నెలకొల్పవలెననియు ఆజ్ఞాపించిరి. అవి అన్నిచోట్ల పూర్తిగా అమలు జరుగలేదు. కేసు పట్టదగిన నేరమును తెలుపు ఫిర్యాదు వచ్చినప్పుడు దానిని నమోదు చేసి తీరవలెనని 2013వ సంవత్సరమున ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పినది. నమోదు ప్రతిని ఫిర్యాదికి ఉచితముగా నీయవలెను. నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు టపాలో వ్రాసికొనవచ్చును.

రెండువందల సంవత్సరముల యీ చరిత్రమునుండి నేను గ్రహించినది ఇంతే. దుస్తులు మారినవి, పేర్లు మారినవి, చట్టముల సంఖ్యలు మారినవి. భటుడు ఎవరికి జవాబుదారి యను ప్రశ్నకు మాత్రము మనకు తృప్తికరమగు సమాధానము దొరకలేదు. పైవారికే జవాబు చెప్పు భటుని క్రిందివారు నమ్మరు. ఒకరికి వంగి ఒకరికి బిగియు చట్టమును ఎవ్వరును నమ్మరు, దానివలన లాభము పొందినవాడు సైతము నమ్మడు.

పెద్దలారా, స్టేషను మీ చేతిలో లేదు. ఊరిలో మొదటి మాట మీ చేతిలో నున్నది. పెద్దయింటి కుఱ్ఱవాని తప్పును రచ్చబండకడనే కప్పిపెట్టి, ఊరిచివరివానిని మాత్రము ఠాణాకు పంపినయెడల, భటుడు నేర్చుకొనునది మన పక్షపాతమునే. బీదవాడు ఫిర్యాదుతో పోవునప్పుడు అతని వెంట నడచి, నమోదు ప్రతి చేతికి వచ్చువరకు ప్రక్కన నిలుచుట మీకు భారము గాదు. ఆ చెంబు దొరకిననాడు మా యింటివారు నడువని ఆ నాలుగడుగులు నాకు నేటికిని బాకీయే. మీ గ్రామమున అట్టి బాకీలున్నయెడల, తీర్చుటకు ఇంకను వ్యవధి కలదు.