డిజిటల్ చిత్రకళలో గీతల చెరిపివేత

కంప్యూటర్ బొమ్మలో గీతను చెరపడమంటే ఆ చోటున్న పిక్సెళ్ల విలువ మార్చడమే. పారదర్శకత లేని బొమ్మలో ఇరేజర్ నేపథ్యపు రంగు పూస్తుంది. లేయర్లున్న బొమ్మలో పిక్సెల్ ఎంత మేర కనబడాలో చెప్పే ఆల్ఫా విలువను తగ్గిస్తుంది. రెండింటిలోనూ ఇరేజర్ కూడా ఒక కుంచే. క్రీటా అనే పెయింటింగ్ ప్రోగ్రాములో ‘ఈ’ మీట నొక్కితే చేతిలో ఉన్న బ్రష్షే, తన ఆకారంతో, అంచులతో సహా ఇరేజర్‌గా మారుతుంది.

తొలి పెయింటింగ్ ప్రోగ్రాముల్లో ముఖ్యమైనది జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రిచర్డ్ షౌప్ తయారుచేసిన సూపర్‌పెయింట్. దీన్ని 1972 నాటిదని రాసినవారున్నారు. అది పని మొదలైన కాలం. అందులో తొలి బొమ్మ నమోదైంది 1973 ఏప్రిల్‌లో కనుక 1973 అనడమే సబబు. 1984లో బిల్ ఆట్కిన్సన్ రాసిన మాక్‌పెయింట్ నలుపు తెలుపులదే. అందులో ఇరేజర్ నల్ల చుక్కలను తెల్లగా మార్చేది. దాని గుర్తును రెండుసార్లు నొక్కితే విండోలో కనబడేదంతా తుడిచిపెట్టుకుపోయేది.

అసలు మలుపు ఆల్ఫాతో వచ్చింది. 1970ల చివర ఎడ్ కాట్ముల్, ఆల్వీ రే స్మిత్ దాన్ని రూపొందించారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ దాని గణితాన్ని సూత్రాలుగా ప్రకటించారు. ఫోటోషాప్‌లో లేయర్లు 1994లో (3.0), వెనక్కి వెళ్లే హిస్టరీ 1998లో (5.0) వచ్చాయి.

కొత్తవారికి తరచూ ఎదురయ్యే చిక్కొకటి ఉంది. ఇరేజర్ బలాన్ని చెప్పే ఒపాసిటీని 50 శాతం పెట్టి ఒకసారి చెరిపితే గీతలో సగం మిగులుతుంది, పెన్ను ఎత్తి మళ్లీ చెరిపితే పావు. తెల్ల నేపథ్యం మీద లేత రంగు గీత శేషం కంటికి ఆనదు. కింద ముదురు రంగు లేయర్ వేయగానే పాత గీత మసకగా తేలుతుంది. పూర్తిగా తీసెయ్యాలంటే 100 శాతం ఒపాసిటీతో గట్టి అంచు బ్రష్ వాడాలి.

చెరిపివేతలో జాగ్రత్త ఎక్కువ అవసరమయ్యేది పాత చిత్రాల స్కాన్లలో. భద్రాచలం, మణుగూరు అడవి పల్లెల డోలి కోయలు గోత్రకథలు చెప్పేటప్పుడు ఎదుట ఉంచే, పడిగెలు అనే బొమ్మల గుడ్డలు ఇందుకు తగిన ఉదాహరణ. కూనవరానికి చెందిన డోలి కథకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఈ కథాసంప్రదాయం బయటివారికి కొంత తెలిసింది. పడిగె గుడ్డ మీద కనబడేది మరకా, బొమ్మలో భాగమా అన్నది కథ తెలిసిన డోలి చెప్పాల్సిన మాట. స్కాన్‌ను శుభ్రం చేసేవారు తేల్చగలిగింది కాదు. అందుకే ఇలాంటి పనిలో ఇరేజర్ ముట్టకుండా లేయర్ మాస్క్ వాడాలి. మాస్క్‌లో నలుపు పూసిన మేర బొమ్మ దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగొస్తుంది, అసలు పిక్సెల్ చెక్కుచెదరదు. హిస్టరీని నమ్ముకోలేం, ఫైలు మూసెయ్యగానే అది పోతుంది. జేపెగ్‌గా దాచినా లేయర్లూ మాస్కూ మిగలవు. పీఎస్‌డీ లేదా క్రీటా సొంత ఫైలుగానే దాచాలి.