చెక్కబిళ్ళ మీది నంబరు: అండమాన్ ఖైదీల రికార్డుల్లో తెలుగువారి జాడ

అండమాన్ శిక్షాస్థావరంలో ఖైదీ మెడలో ఒక చెక్కబిళ్ళ వేలాడేది. దాన్ని నెక్ టికెట్ అనేవారు. ఖైదీ నంబరు, శిక్ష పడిన సెక్షను, శిక్ష మొదలైన తేదీ, విడుదల కావలసిన తేదీ దాని మీద ఉండేవి. 302 అని ఉంటే హత్య, 395 అంటే బందిపోటు దోపిడీ, 121 అంటే ప్రభుత్వం మీద యుద్ధం. చదవడం వచ్చిన ఏ జమాదారుకైనా ఎదుటి మనిషి ఎందుకొచ్చాడో, ఎన్నాళ్ళుంటాడో ఆ నాలుగు అంకెల్లోనే తెలిసిపోయేది. 32778 నంబరు బిళ్ళ సావర్కర్‌ది. ఆయన విడుదల తేదీ 1960లో ఉంది. 1911లో ఆ బిళ్ళ మెడలో పడ్డ మనిషికి అదెంత దూరమో వేరే చెప్పనక్కర్లేదు.

బిళ్ళ వెనక ఒక రిజిస్టరు, దాని వెనక ఒక కోర్టు తీర్పు, దానికీ వెనక ఒక ఊరు ఉన్నాయి. అమెరికాలో సైనిక శిక్షణ ముగిసిన దళానికి అందరి ఫొటోలతో, పేర్లతో ఒక పుస్తకం అచ్చువేసి ఇచ్చే ఆనవాయితీ ఉంది. తాతల జాడ వెతికేవారికి అక్కడ అది పెద్ద ఆధారం. అండమాన్‌లో అలాంటి పుస్తకం ఎవరూ అచ్చువెయ్యలేదు. కానీ ఒకే చోట, ఒకే రకం దుస్తుల్లో, ఒకే క్రమశిక్షణ కింద ఉంచిన వేలమంది వివరాలను ప్రభుత్వం తన అవసరం కోసం పూసగుచ్చినట్టు రాసుకుంది. కుటుంబ చరిత్రకు ఇప్పుడు అదే దిక్కు.

ఈ ద్వీపాల్లో ఆంగ్లేయుల మొదటి స్థావరం 1789 నాటిది. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఛాథం ద్వీపంలో దాన్ని నెలకొల్పాడు. జ్వరాలతో జనం చచ్చిపోతుంటే 1796లో ఎత్తేశారు. అసలు కథ 1858 మార్చి 10న మొదలైంది. డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ సెమిరామిస్ అనే ఓడలో 200 మంది ఖైదీలతో దిగాడు. సిపాయిల తిరుగుబాటులో పట్టుబడ్డవారి కోసం తెరిచిన స్థావరం తర్వాత దేశమంతటి హంతకులకు, బందిపోట్లకు కూడా గమ్యమైంది. కలకత్తా, మద్రాసు, రంగూన్ల నుంచి ఓడలు వచ్చేవి. వాటిలో ‘మహారాజా’ పేరు పాత ఖైదీల జ్ఞాపకాల్లో తరచు కనిపిస్తుంది.

ఖైదీతో పాటు ఓడ ఎక్కేది డిస్క్రిప్టివ్ రోల్, అంటే ఆనవాళ్ళ చిట్టా. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఊరు, జిల్లా, నేరం, శిక్ష వేసిన కోర్టు, ఒంటి మీది గుర్తులు అందులో ఉండేవి. మన బడి సర్టిఫికెట్లలో నేటికీ రాస్తున్న పుట్టుమచ్చల గడికి దగ్గరి చుట్టమే ఇది. అంతకు ముందు కాలంలో ఖైదీ నుదుటి మీదే నేరాన్ని పచ్చబొట్టు పొడిచేవారు. గోద్నా అనే ఆ పద్ధతిని 1849లో రద్దు చేశారు. చర్మం మీద రాయడం మానేశాక కాగితం మీద రాయడం పెరిగింది. పరిశోధకుడికి ఇందులో విలువైనది ‘గుర్తులు’ అనే గడి. ఎడమ చేతి మీద కాలిన మచ్చ, చెవికి పోగు రంధ్రం, ముక్కు పక్కన పుట్టుమచ్చ వంటి మాటలు ఫొటో లేని మనిషికి ముఖం ఇస్తాయి.

ఆ తర్వాతి జీవితం మెట్లుమెట్లుగా సాగేది. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన సెల్యులర్ జైలు వచ్చాక కొత్త ఖైదీ మొదటి ఆరు నెలలు ఒంటరి కొట్లో గడిపేవాడు. తర్వాత పగలు జట్టులో పని, ఆ తర్వాత జైలు బయట కూలి. నడవడి బాగుంటే టిండలు, పెట్టీ ఆఫీసరు, జమాదారు వంటి ఖైదీ కొలువులు దక్కేవి. పదేళ్ళు నిండినవాడికి టికెట్ ఆఫ్ లీవ్ వచ్చేది. టికెట్ అనే మాటకు ఇక్కడ అర్థం తిరగబడింది: మొదటిది మెడకు తగిలించిన గుర్తింపు, రెండోది పొలం సాగు చేసుకుని సొంతంగా బతికేందుకు అనుమతి. ఆ అనుమతి ఉన్నవాడిని సెల్ఫ్ సపోర్టర్ అనేవారు. సౌత్ పాయింట్ ఆడ ఖైదీల జైలులోని స్త్రీని పెళ్ళి చేసుకునే వీలు కూడా అతనికి ఉండేది. ప్రతి మెట్టుకీ ఒక కాగితం, ప్రతి పెళ్ళికీ ఒక అనుమతి పత్రం. బతికి ఉన్నంతకాలం మనిషి కదిలినప్పుడల్లా ఫైలు కూడా కదిలేది.

ఆ ఫైళ్ళలో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నవాటికి చాలావరకు నూకలు చెల్లాయి. 1942 మార్చి 23న జపాన్ సేనలు దిగాయి. 1945 అక్టోబరులో బ్రిటిష్ వారు తిరిగివచ్చేదాకా సాగిన ఆక్రమణలో ఇక్కడి దస్తావేజులు చాలావరకు నాశనమయ్యాయి. 1941 జూన్ 26 భూకంపానికి ఒకసారి, ఆక్రమణలో మరోసారి దెబ్బతిన్న సెల్యులర్ జైలులో ఏడు రెక్కలకు ఇప్పుడు మూడే మిగిలాయి. అందుకే తాతను వెతుక్కుంటూ ద్వీపానికి వచ్చేవారికి ద్వీపంలో దొరికేది తక్కువ.

వలస పాలనకు ఉన్న ఒక అలవాటు మాత్రం ఇక్కడ అక్కరకొచ్చింది: ఏ కాగితమైనా రెండు మూడు చోట్ల ఉండాల్సిందే. స్థావరం భారత ప్రభుత్వ హోం శాఖ కింద ఉండేది కాబట్టి పోర్ట్ బ్లెయిర్ నివేదికలు, ఉత్తరాలు అక్కడికి చేరాయి. అవి ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ విభాగం కింద ఉన్నాయి. కొన్ని ‘అభిలేఖ్ పటల్’ అనే దాని ఆన్‌లైన్ సూచీలో దొరుకుతాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాలున్నాయి. తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరిది చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్. మద్రాసు ప్రభుత్వ న్యాయశాఖ జీవోలు అక్కడున్నాయి. జీవో అనే మాట మనకు నేటి సచివాలయం నుంచి వచ్చినట్టనిపిస్తుంది గానీ, ఒక మనిషిని సముద్రం దాటించిన ఉత్తర్వు కూడా జీవోనే. నిజాం రాజ్యపు కాగితాలు హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

మరి ఎవరు వెళ్ళారు? హైదరాబాదు నుంచి మౌల్వీ అలావుద్దీన్. 1857 జులై 17న బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించాడు. తుర్రెబాజ్‌కూ ద్వీపాంతర శిక్షే పడింది. కానీ తప్పించుకుని 1859 జనవరిలో హతమయ్యాడు. మౌల్వీని 1859లో అండమాన్ పంపారు, అక్కడే కన్నుమూశాడు. ఆయన్ను సెల్యులర్ జైలు తొలి ఖైదీ అని అక్కడక్కడా రాస్తుంటారు. ఆయన పోయేనాటికి ఆ జైలుకు పునాది కూడా పడలేదు. అండమాన్‌కు పంపిన ప్రతివాణ్ణీ సెల్యులర్ జైలులో కూర్చోబెట్టే ఈ పొరపాటు చాలా సాధారణం. తేదీ ఒక్కటి చూసుకుంటే చాలు, ఇట్టే తేలిపోతుంది.

గోదావరి మన్యంలో 1879లో లేచిన రంప తిరుగుబాటు అణిగాక పట్టుబడినవారిలో చాలామందిని ద్వీపాలకు పంపారు. మళ్ళీ 1922–24లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యంవాసులు వెళ్ళారు. సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపారు. ఆయన అనుచరుడు గాం గంటందొర జూన్‌లో పోరులో పడిపోయాడు. గంటందొర తమ్ముడు మల్లుదొర పట్టుబడి అండమాన్‌లో శిక్ష అనుభవించాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. మల్లుదొర విషయంలో వెతకడం తేలిక. ఖైదీ దస్త్రానికి తోడు పార్లమెంటు సభ్యుల పరిచయ గ్రంథం కూడా ఉంది. 1930లలో రాజకీయ ఖైదీలను మళ్ళీ పంపినప్పుడు కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి వెళ్ళాడు. 1938 జనవరికల్లా రాజకీయ ఖైదీలందరినీ వెనక్కి తెచ్చేశారు.

సెల్యులర్ జైలులో పాలరాతి పలకల మీద రాష్ట్రాలవారీగా చెక్కిన పేర్లున్నాయి. అవన్నీ రాజకీయ ఖైదీలవి. భూతగాదాలో గొడ్డలి ఎత్తినవాడు, కరువులో బండ్లను దోచినవాడు పలకలకు ఎక్కరు. ఏ కుటుంబానికైనా తమ తాత స్వాతంత్య్ర యోధుడని చెప్పుకోవడం ఇష్టమే. చిట్టాలో సెక్షను ఒక్కోసారి వేరే మాట చెబుతుంది. ద్వీపాలకు వెళ్ళినవారిలో అత్యధికులు మామూలు నేరస్థులే కాబట్టి, కుటుంబ పరిశోధకుడు అందుకు ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

తెలుగు పేరును రికార్డులో పట్టుకోవడం ఇంకో తలనొప్పి. ఊళ్ళో కరణం తెలుగులో రాసిన పేరు కోర్టు గుమాస్తా ఇంగ్లీషులోకి, స్థావరం మున్షీ ఉర్దూలోకి మార్చాడు. మూడు చోట్ల మూడు పలుకులు. ఇంటిపేరు ముందుండాలని ఎవరికీ పట్టలేదు. ఒక్కోచోట అదే అసలు పేరైపోయింది, ఒక్కోచోట మాయమైంది. కూలివాడి పేరు చివర అయ్య, అన్న ఉండవు; ‘గాడు’ ఉంటుంది. ఇంట్లో అప్పన్న, ఫైల్లో అప్పిగాడు. మన్యంలో ‘దొర’ అనేది గౌరవం కావచ్చు, తెగ పేరు కావచ్చు. గుమాస్తాకు అది ఇంటిపేరులా కనిపిస్తుంది. అప్పన్న అని ఒక్క రూపంలో వెతికితే అందుకే దొరకడు. నాలుగైదు స్పెల్లింగులు ముందు కాగితం మీద రాసుకుని వెతకడం మేలు.

ఊరి పేర్లూ అంతే. శ్రీకాకుళం చికాకోల్‌గా, కాకినాడ కొకనాడగా, ఏలూరు ఎల్లోర్‌గా, విశాఖ విజాగపటంగా ఉంటాయి. జిల్లాలు మరీ జారుడు నేల. శ్రీకాకుళం ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలో ఉంది. ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖ జిల్లాలో చేరి, 1950లో సొంత జిల్లా అయింది. అంటే 1900 నాటి శ్రీకాకుళం ఖైదీని వెతకాల్సింది గంజాం కాగితాల్లో. పశ్చిమ గోదావరి 1925కు ముందు లేదు. మన్యం ఊళ్ళలో చాలా భాగం 2022లో పుట్టిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. ద్వీపాల్లోనూ పేర్లు మారాయి: రాస్ ద్వీపం 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమైంది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురమైంది.

శిక్ష ముగిశాక వెనక్కి రానివారి సంతతి లోకల్ బోర్న్ అనే సమాజంగా కలిసిపోయింది. కులాలు, మతాలు, భాషలు కలగలిసి హిందుస్తానీ వారి ఇంటిభాష అయింది. తెలుగు మూలం ఉన్న ఇంట్లోనూ రెండు తరాల్లో తెలుగు, ఇంటిపేరు జారిపోయే పరిస్థితి. ఈ కుటుంబాలను ‘ప్రీ–42’ అంటారు, అంటే 1942కు ముందే ద్వీపాల్లో ఉన్నవారు. వెనుకబడిన వర్గాల జాబితాలో మోప్లాలు, భంటులు, కరెన్లతో పాటు వీరూ ఉన్నారు. 1942కు ముందున్నామని చూపడానికి కాగితం కావాలి. ఆ కాగితాలు ఎక్కువగా పోయినవి సరిగ్గా 1942 తర్వాతే. ముత్తాతను శిక్షించిన జిల్లా కోర్టు నకలు మునిమనవడి హక్కుకు ఆధారంగా పనికిరావడం ఈ దస్త్రాల విచిత్రాల్లో ఒకటి.

ఈనాడు ద్వీపాల్లో కనిపించే తెలుగువారిలో చాలామందికి ఖైదీ చిట్టాలతో సంబంధం లేదు. స్వాతంత్య్రం తర్వాత శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలవేటకు, కూలికి వచ్చినవారు వీరు. 2011 జనగణనలో ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం పైచిలుకు, అంటే యాభై వేల మంది. జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు గట్టిగానే వినిపిస్తుంది. వీరి పూర్వీకుల కోసం చూడాల్సింది విశాఖ ఓడ టికెట్లు, మత్స్యకారుల పునరావాస కాగితాలు, బడి రిజిస్టర్లు, ఓడ చార్జీలో రాయితీ ఇచ్చే ఐలాండర్ కార్డు. ఈ దస్త్రాల్లో సెక్షను నంబరు ఉండదు, విడుదల తేదీ ఉండదు. ఊరి పేరు మాత్రం అదే భావనపాడు, అదే కళింగపట్నం, ఈసారి తెలుగువాడే తెలుగులో చెప్పి రాయించినట్టుగా.