అరవై అయిదు దగ్గర వణుకు

ఇవాళ ఒక వణుకు గురించి మాట్లాడుకుందాం. చలి వణుకు కాదు, కారు వణుకు. హైవే మీద అరవై దాటగానే స్టీరింగు గజగజలాడుతుంది. డెబ్భై అయిదుకు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. ఒక నిమిషం ఉంటుంది, ఇంకో నిమిషం ఉండదు. పోనీ అని షాపుకు తీసుకెళ్ళి మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుంటే, ఆ పది నిమిషాలూ బుద్ధిగా నడుస్తుంది. మీలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది.

ఆ మధ్య మా కారుకు ఇదే జబ్బు చేసింది. ఒక షాపులో రెండుసార్లు చక్రాలు బాలన్స్ చేశారు. మెషీను సున్నా చూపించింది, వణుకు మాత్రం పోలేదు. నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. డెబ్భై అయిదులో పోతే వణకడం లేదు కదా, అలాగే పోదాం అనుకున్నాను. అప్పుడు ఇండియా నుంచి మా మామగారు వచ్చి ఉన్నారు. ఆర్టీసీ డిపో గరాజులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. వెనక సీట్లో మనవరాలి పక్కన కూర్చుని అంతా గమనించి, "అల్లుడుగారూ, వణుకు పోలేదు. మీకు తెలియడం మానేసిందంతే" అన్నారు.

ఆ ఒక్క మాట వెనక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉందని నాకు తరవాత తెలిసింది.

1869లో గ్లాస్గో ప్రొఫెసరు రాంకిన్ గిరగిర తిరిగే ఇరుసుల మీద ఒక వ్యాసం రాశాడు. ప్రతి ఇరుసుకూ ఒక హద్దు వేగం ఉంటుందని, దాన్ని దాటి తిప్పడం కుదరదని లెక్క కట్టి చెప్పాడు. మహా పండితుడి మాట, ఎవరు కాదంటారు? ఇరుసు వణికితే ఇంకా లావుది వెయ్యడమే అప్పటి వైద్యం. 1880లలో స్వీడన్ దేశపు గుస్తాఫ్ డి లావాల్ అనే ఇంజనీరు దీన్ని తలకిందులు చేశాడు. పాలను తిప్పి మీగడ వేరుచేసే యంత్రంతో పేరు తెచ్చుకున్నవాడీయన. ఆయన చేసిన చిన్న ఆవిరి టర్బైను నిమిషానికి 30,000 చుట్ల దాకా తిరిగేది. అందులో ఇరుసును లావు చెయ్యలేదు, సన్నగా, వంగేటట్టు చేశాడు. ఒక వేగం దగ్గర అది బాగా వణికింది. ఆ వేగం దాటగానే నెమ్మదించింది. రాంకిన్ చెప్పిన హద్దు గోడ కాదు, దాటగల గుమ్మం అని తేలింది. అలా ఎందుకవుతుందో తేటగా వివరించింది 1919లో జెఫ్‌కాట్ రాసిన వ్యాసం.

సంగతి ఇది. ఉయ్యాల్లో పిల్లను ఊపేటప్పుడు ఎంత గట్టిగా తోశామన్నది ముఖ్యం కాదు, ఎప్పుడు తోశామన్నది ముఖ్యం. ఉయ్యాల ఊపుకు మన చెయ్యి కలిస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది. అంతకన్నా తొందర తొందరగా తోస్తే అసలు ఊగనే ఊగదు. తిరిగే వస్తువులో ఒక పక్క బరువెక్కువైతే, అది చుట్టుకొక్క తోపు తోస్తుంది. ఆ తోపులు యంత్రం సొంత ఊపుతో కలిసినప్పుడే గొడవ.

ఇప్పుడు కారు దగ్గరకు వద్దాం. గంటకు 65 మైళ్ళంటే సెకనుకు 29 మీటర్లు. మామూలు సెడాన్ టైరు చుట్టుకొలత 2 మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. పైన స్ప్రింగు, కింద గాలి టైరు, ఆ రెంటి మధ్య వేలాడే చక్రానికి సెకనుకు 10 నుంచి 15 దాకా సొంత ఊపు ఉంటుంది. రెండూ కలిసేది సరిగ్గా మన హైవే వేగాల్లోనే! రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉంటే చాలు, ఆ వేగంలో అది నాలుగైదు కిలోల బరువులా లాగుతుంది.

ఎద్దుబండికి ఈ బాధ లేదు, దాని చక్రం సెకనుకు ఒక్క చుట్టయినా తిరగదు. మనిషి వేగం కోరుకున్నప్పుడే ఈ వణుకూ వెంట వచ్చింది. 1923 ప్రాంతంలో మెత్తగా ఉండే బెలూన్ టైర్లు వచ్చాయి. ప్రయాణం సుఖమయింది కానీ, ముందు చక్రాలు అటూ ఇటూ కొట్టుకోవడం పెద్ద తలనొప్పి అయింది. రెండు చక్రాలనూ ఒకే ఇరుసు కలిపి ఉంచడంతో ఒకదాని వణుకు రెండోదానికి అంటుకునేది. 1934లో జనరల్ మోటార్స్ కార్లు ముందు చక్రాలను విడదీసి దేని స్ప్రింగు దానికి పెట్టడానికి ఇది ఒక కారణం. 1956లో ఐజెన్‌హోవర్ ఇంటర్‌స్టేట్ రోడ్ల చట్టం మీద సంతకం పెట్టాక, గంటల తరబడి ఒకే వేగంలో పోవడం సామాన్యుడికి అలవాటయింది. 1974లో పెట్రోలు కరువు వల్ల దేశమంతటా 55 పరిమితి వచ్చింది. 1987లో ఊళ్ళ బయట ఇంటర్‌స్టేట్ల మీద 65కు పెంచుకోనిచ్చారు, 1995లో ఆ దేశవ్యాప్త పరిమితినే ఎత్తేశారు. నా ఊహ ఏమిటంటే, ఆ 55 రోజుల్లో ఎన్నో చక్రాల లోపాలు కనబడకుండా దాక్కుని ఉంటాయి.

మరి నిమిషం ఉండి నిమిషం పోవడం ఏమిటి? ముందు చక్రాలు రెంటిలోనూ కాస్త కాస్త దోషం ఉందనుకోండి. ఒక టైరు రెండోదానికన్నా వెయ్యోవంతు ఎక్కువ అరిగినా, వెయ్యి చుట్లకు ఒక చుట్టు తేడా వస్తుంది. సెకనుకు 14 చుట్ల లెక్కన 70 సెకన్లకు ఒకసారి రెండు తోపులూ కలుస్తాయి, మధ్యలో విడిపోతాయి. కలిసినప్పుడు వణుకు, విడిపోయినప్పుడు శాంతి. అందులో మాయ ఏమీ లేదు.

మామగారికి ఈ లెక్కలు అక్కరలేదు. ఆయన అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఏ వేగంలో మొదలవుతుంది? వణుకు చేతికి తెలుస్తోందా, సీటుకా? బ్రేకు వేస్తేనే వస్తుందా? గ్యాస్ నొక్కితేనే వస్తుందా? చేతికైతే ముందు చక్రాలు చూడాలి, సీటుకైతే వెనకవి. బ్రేకుతో వస్తే బ్రేకు డిస్కులు. గ్యాస్ నొక్కినప్పుడే వస్తే ఇంజను నుంచి చక్రానికి పోయే ఇరుసు కీళ్ళు. రాత్రంతా నిలబెట్టిన కారు పొద్దున్నే వణికి, పది మైళ్ళకు సర్దుకుంటే, టైరు నేలకానిన చోట చదునైందన్న మాట. మాది ఇవేవీ కాదు. వేగం ఒక్కదానికే కట్టుబడి, చేతికి తెలిసే వణుకు. "ముందు టైర్లు విప్పించి, లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమి చూడమనండి" అన్నారు.

ఇంకో షాపుకు వెళ్ళాం. మామూలు బాలన్స్ మెషీను టైరును గాలిలో తిప్పి బరువు చూస్తుంది. కారు బరువు కింద నలిగినప్పుడు అది ఎలా ఉంటుందో చూడదు. 1990లలో వచ్చిన కొత్తరకం మెషీను టైరును ఒక రోలరుతో నొక్కి తిప్పుతుంది. కుడి ముందు టైరు దగ్గర అది ఎర్ర దీపం చూపించింది. విప్పి చూస్తే ట్రెడ్ లోపలి అంచున చిన్న బొడిపె. టైరు లోపలి ఉక్కు పట్టీలు విడిపోవడం మొదలైంది. దాని మీదే నేను పిల్లల్ని ఎక్కించుకుని డెబ్భై అయిదులో పోతున్నాను! 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. నడుస్తుండగా ట్రెడ్ ఊడిపోయి కార్లు బోల్తా పడిన ఆ ఉదంతంలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ సంగతి గుర్తొచ్చి నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

డి లావాల్ వణుకును దాటి అవతలకు వెళ్ళాడు. కానీ తను దాటుతున్నదేమిటో ఆయనకు తెలుసు, దానికి తగ్గట్టు ఇరుసు చేసుకున్నాడు. నేను ఏమీ తెలియకుండా దాటాను. తేడా అంతే.

కాబట్టి శ్రోతల్లారా, కారు వణికితే వేగం పెంచి దాటెయ్యకండి. తగ్గించండి. ఏ వేగంలో, ఎక్కడ, ఎప్పుడు అని ఒక కాగితం మీద రాసుకుని, ఆ కాగితంతో షాపుకు వెళ్ళండి. వచ్చిపోయే వణుకే మనకు ఎక్కువ సంగతులు చెబుతుంది, వినే ఓపిక ఉంటే.

సెలవు. క్షేమంగా ఇంటికి చేరండి.