బోదవ్యాధి – రాజమండ్రిలో ప్రజారోగ్య విద్య

గోదావరి డెల్టాలో పూర్వం బోదకాలు వింత కాదు. కాలు స్తంభంవలె లావెక్కి, చర్మం గరుకుబారి, అడుగు తీసి అడుగు వేయలేని మనిషి ఎదురైతే చూసేవారికి జాలి కలిగేదేగాని ఆశ్చర్యం కలిగేది కాదు. అంతకు ముందే ఎన్నో ఏండ్లుగా అతనికి గజ్జలలో బిళ్ళలు కట్టడం, చలిజ్వరం వచ్చి పోవడం జరుగుతూ వుండేవి. కొందరు నీటి దోషమన్నారు, కొందరు కర్మఫలమన్నారు. అసలు కారణం నెత్తుటిలో వున్నది.

1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ మనిషి రక్తంలో సన్నని దారపు పురుగులను చూశాడు. చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ 1877లో ఈ పురుగులు దోమ శరీరంలో పెరుగుతాయని కనిపెట్టాడు. ఒక కీటకం మానవుని వ్యాధికి ఆశ్రయమిస్తుందని తేలడం అదే మొదలు. అయితే చచ్చిన దోమలు పడిన నీటిని త్రాగడంవల్ల వ్యాధి వస్తుందని మాన్సన్ తలచాడు. దోమ తొండంలోనే పురుగు కాచుకొని వుంటుందని 1900లో జార్జి లో చూపించేవరకు ఈ పొరపాటు దిద్దుబాటు కాలేదు. నీటి దోషమన్న పల్లెటూరివారిని చూచి నవ్వే హక్కు ఎవరికీ లేదన్నమాట!

ఇటువంటి జబ్బులకు మామూలు వైద్యవిద్య చాలదని అప్పుడే తెలిసివచ్చింది. ఎదుట కూర్చున్న రోగికి మందివ్వడం ఒక విద్య. ఆ రోగి వీధిలో మురుగు ఎటు పోతున్నదో చూడడం వేరొక విద్య. వైద్యపట్టం పుచ్చుకొన్న తరువాత ఈ రెండవ విద్యను నేర్పే పాఠశాలలు 1898లో లివర్‌పూల్‌లోను, 1899లో లండన్‌లోను వెలిశాయి. మన దేశంలో కలకత్తాలో ఉష్ణమండల వైద్య పాఠశాల 1921లో పని ప్రారంభించింది. రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయంతో 1932లో అక్కడే అఖిల భారత ప్రజారోగ్య సంస్థ ఏర్పడింది.

ఈ స్నాతకోత్తర విద్య కోసమే గోదావరి జిల్లాల యువకుడొకడు సముద్రాలు దాటి వెళ్ళాడు. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే విరేచనాల వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను, మామగారి సాయంతోను అమెరికాకు వెళ్ళి, హార్వర్డు ఉష్ణమండల వైద్య పాఠశాలలో డిప్లొమా పొందాడు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివానిగా కూడా పనిచేశాడు. తరువాత జీవరసాయన శాస్త్రంలోకి మళ్ళి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికను సైనికులకు ఫైలేరియా సోకడంతో దానికి మందు వెతకవలసి వచ్చింది. ఆయన నాయకత్వాన పరిశోధకులు ఎలుకలపై పరీక్షించి తెచ్చిన డైఇథైల్ కార్బమజీన్, అనగా హెట్రజాన్, 1947లో వెలువడింది. మరుసటి ఏడాదే సుబ్బారావు మరణించాడు. సొంత జిల్లాలను పీడించే వ్యాధికి మందు న్యూయార్కు దగ్గర తయారైనది.

మందు దొరికింది గదా, ఇక వ్యాధి పోవడమెంత అని చాలామంది తలచి వుంటారు. 1955లో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమం ప్రారంభమైనది. ఊరూరా మాత్రలు పంచారు, ఇళ్ళలో కీటక సంహారిణి చల్లారు. రెండూ నిరాశనే మిగిల్చాయి. మాత్రవల్ల నెత్తుటిలోని పిల్లపురుగులు చచ్చినప్పుడు జ్వరం, తలనొప్పి వస్తాయి. ఒంట్లో పురుగు వున్నా ఏ బాధా లేనివాడు, మాత్ర మింగాక మంచమెక్కితే రెండవ మాత్ర తీసుకొంటాడా? దోమలేమో మందుకు అలవాటుపడి పోయాయి. ఐదారేండ్లలోనే ఈ విధానాన్ని విడిచి, మురుగులోని దోమ డింభకాలను చంపడంపై దృష్టి పెట్టారు. ఆ వైఫల్యం రసాయన శాస్త్రానిది కాదు. ప్రజలకు ముందుగా చెప్పడంలో, నచ్చచెప్పడంలో వచ్చిన లోటు అనడమే న్యాయం.

ఈ పనికి కావలసిన సిబ్బందికి తర్ఫీదు ఇవ్వడానికి కోళిక్కోడ్, వారణాసి, రాజమండ్రి పట్టణాలలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాలు ఏర్పడ్డాయి. 1963లో ఢిల్లీలో రూపొందిన జాతీయ అంటువ్యాధుల సంస్థకు ఇవి శాఖలు. ఆ సంస్థ పేరు 2009లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా మారింది.

ఇక్కడి చదువు రాత్రిపూట సాగవలసిన చదువు. పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రి మాత్రమే చర్మం దగ్గరి నెత్తుటిలోకి వస్తాయి. కూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. అందువల్ల రాత్రి ఎనిమిదిన్నర నుండి అర్ధరాత్రి వరకు ఇల్లిల్లూ తిరిగి, వేలికొన గుచ్చి, గాజుపలకపై నెత్తుటిచుక్క తీయాలి. ఎండిన మచ్చను నీటిలో వుంచి ఎరుపు పోగొట్టి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో లెక్కించాలి. తోక కొనవరకు కేంద్రకాలు వుంటే బ్రూజియా జాతి, కొన ఖాళీగా వుంటే బాన్‌క్రాఫ్టి జాతి. నిద్రపోతున్న ఇంటివారిని లేపి, కోపం తెప్పించకుండా వేలు చాపించడం మాత్రం ఏ సూక్ష్మదర్శినీ నేర్పలేని భాగం.

పగలు దోమలను పట్టి, సూదిమొనలతో చీల్చి, పురుగు ఏ దశలో వున్నదో చూడాలి. దోమలో మలేరియా క్రిమి వేలకొలది అవుతుంది; ఫైలేరియా పురుగు అలా కాదు, ఒకటి ఒకటిగానే పెరుగుతుంది. కనుక వ్యాధి ముదరడానికి ఏండ్ల తరబడి ఎన్నో దోమకాట్లు కావాలి. ఇది వ్యాధిలోని బలహీనత. మరొక సంగతి: 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలపై కొందరు ఈ నేరం మోపుతారు. కూలెక్స్ కోరేది పారే కాలువ నీటిని కాదు, కదలని మురుగును. పల్లమైన డెల్టా పట్టణాలలో కాలువకంటె సైడుకాలువే అనుమానించదగినది.

2004 నుండి దేశంలో వ్యాధిగల జిల్లాలన్నిటా ఏడాదికొక్కసారి మాత్ర మింగించే పద్ధతి వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాలు అందులో చేరినవే. సుబ్బారావు నాటి మందే అందులోనూ ప్రధానం. దానికి ఆల్బెండజోల్ తోడైనది. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతున్నారు. కొన్ని సంవత్సరాలు మాత్రలు ఇచ్చిన తరువాత పరీక్షించేది బోదకాలున్న పెద్దలను కాదు, ఆరేడేండ్ల పిల్లలను. వారిలో వ్యాధి జాడలు నిర్ణీత హద్దుకు లోపల వుంటే, ఆ ప్రాంతంలో దోమలు పురుగును మోయడం దాదాపు మానివేశాయని లెక్క.